మూడు సెకన్ల తోక

ఆవిడ పని మూడు సెకన్లది. సాయంత్రం ఆరింటి నుంచి ఎనిమిదింటి దాకా ఆరు ప్రకటనలు, ఒక్కోదానికి మూడు సెకన్లు. అంతా కలిపితే ఒక గ్లాసు మంచినీళ్ళు తాగేంత సేపు కూడా కాదు. ఆ కాస్త పని మీద ఇరవై రెండేళ్ళు ఇల్లు నడిపిందనీ, ఒక కూతుర్ని పెంచి ప్రయోజకురాలిని చేసిందనీ చెబితే నమ్మేవాళ్ళు తక్కువ. నమ్మనివాళ్ళ కోసం కథలు ఆగవు కదా.

రేడియోలో ప్రకటన ఎలా వస్తుందో అందరూ విన్నదే. ముందు ఓ సంగీతం ముక్క. తర్వాత ఒక మగ గొంతు తీరిగ్గా, ఊరించి ఊరించి, "మెత్తని పరుపు... కమ్మని నిద్ర... కేవలం తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది" అంటుంది. వినేవాడు ఆహా అనుకునేలోపు, ఎవరో వెనక తరుముతున్నట్టు ఓ ఆడగొంతు, పన్నులు అదనం షరతులు వర్తిస్తాయి సరుకు ఉన్నంతవరకే ధరలు మారవచ్చు వివరాలకు కొట్టులో విచారించండి, అని ఒక్క ఊపిరిలో అనేసి మాయమైపోతుంది. స్టేషన్లో ఆ చివరి ముక్కను తోక అంటారు. అది పలికే మనిషి కాబట్టి ఆవిడ తోకపిన్ని అయింది. తనకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా పిన్నీ అనే పిలిచేవారు.

ఆ మగ గొంతు ఆవిడ అక్క మొగుడిది. గంట బావ అంటే ఊరంతటికీ తెలుసు. ఆయన తొమ్మిది అన్నాడంటే గుండెల్లో గంట కొట్టినట్టుండేది. ఇంట్లో ఉప్పు అడిగినా అమ్మకానికి పెట్టినట్టే అడుగుతాడని అక్క విసుక్కునేది. తోకపిన్ని మొగుడు పోయిన ఏడాది, ఆరేళ్ళ పిల్లతో దిక్కుతోచక కూర్చున్న మరదలిని ఆయనే స్టేషన్‌కు తీసుకొచ్చి, గుక్కతిప్పుకోకుండా మాట్లాడే మనిషి కావాలన్నారుగా, ఇదిగో, ఇన్నాళ్ళూ మేం పడ్డాం, ఇక మీరు పడండి అని మేనేజరుకు అప్పగించాడు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆవిడ ఆరుగురు పిల్లల్లో ఆఖరిది. భోజనాల దగ్గర అయిదుగురూ మాట్లాడేశాక, నాన్న చెయ్యి కడుక్కోవడానికి లేచేలోపు, ఆ సందులోనే తన మాట దూర్చాలి. అలా పడింది ఆ అలవాటు.

ప్రకటనలు చదివే గది ఇరుకుగా ఉంటుంది. శబ్దం బయటికి పోకుండా గోడల నిండా పాత పరుపులు కొట్టి ఉంటాయి. స్టేషన్ పెట్టిన కొత్తలో పరుపుల షావుకారు మరకలు పడినవి అభిమానంగా పంపించాడు. ఆ గదిలో అడుగుపెడితే బయటి ప్రపంచం మీద ఎవరో దుప్పటి కప్పేసినట్టుంటుంది. చెప్పుల చప్పుడు వినబడదు. దగ్గితే ఆ దగ్గు తనది కాదేమో అనిపిస్తుంది. తోకపిన్ని అక్కడ ఎప్పుడూ సగం నిద్రలో ఉన్నట్టే ఉండేది. ఇన్నేళ్ళుగా తాను పలికిన తోకలు ఎక్కడికీ పోలేదనీ, ఆ పరుపుల దూదిలోనే ఇంకి ఉన్నాయనీ ఆవిడ నమ్మకం. ప్రకటనకూ ప్రకటనకూ మధ్య గోడకు చెంప ఆనించి కళ్ళు మూసుకుంటే లోపలినుంచి సన్నగా, అదనం, అదనం, అదనం అని వినబడేది. ఆ మాట విని ఎవరేమనుకుంటారోనని ఎవరికీ చెప్పలేదు.

గదికీ అవతలి గదికీ మధ్య ఒక అద్దం. అద్దం వెనక మీటల తాత. ఏ మైకు మీట ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో ఆయన చేతికి తెలుసు. కళ్ళు మూసుకుని చేస్తాడని కొందరు, కళ్ళు మూసుకునే ఉంటాడని కొందరు. ప్రకటనలు ఇప్పటికీ అప్పటికప్పుడు చదవాల్సిందే. కొట్లవాళ్ళు అయిదున్నర దాకా ధరలు మారుస్తూ ఫోన్లు చేస్తుంటే, ముందే రికార్డు చేసి పెట్టుకోవడం దండగని మేనేజరు ఏనాడో చేతులెత్తేశాడు.

ఇక ఆవిడ రహస్యం. కూతురు ముద్దుపేరు గువ్వ. చేరిన కొత్తలో సాయంత్రం అయిదింటికి గువ్వను మేడమీది అద్దె గదిలో రేడియో పక్కన కూర్చోబెట్టి వచ్చేది. ఇంటికి చేరేసరికి ఎనిమిదిన్నర. ఒకరోజు మైకు తెరిచారని చెప్పే ఎర్ర లైటు వెలిగింది, బావ తొమ్మిదులు మోగించాడు, ఈవిడ తోక అందుకుంది. సగంలో ఉండగా, వచ్చేటప్పుడు పిల్ల తలుపు గడియ వేసుకున్న చప్పుడు వినలేదన్న సంగతి గుర్తొచ్చింది. నోరు మాత్రం ఆగలేదు. వివరాలకు కొట్టులో విచారించండి గడియ వేసుకో, అనేసింది. లైటు ఆరింది. అద్దం వెనక తాత కదల్లేదు. బావ మంచినీళ్ళు తాగుతున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు.

ఇంటికెళ్ళి చూస్తే గడియ వేసి ఉంది. రేడియోలో చెప్పావుగా, అంది గువ్వ, అదేదో అందరి అమ్మలూ చేసే పనైనట్టు. ఆ వేగంలో ఉన్న మాటను ఊళ్ళో ఏ చెవీ పట్టలేదు, ఆ ఆరేళ్ళ చెవి పట్టింది. అప్పట్నుంచీ రోజూ ఏదో ఒకటి. పాలు తాగు. ఎక్కాలు చదువు. ఉరుముకు భయపడకు వచ్చేస్తున్నా. పరుపుల చివర, ఫ్యాన్ల చివర, ఇనప బీరువాల చివర ఆవిడ బిడ్డను పెంచింది. అందరూ ఒళ్ళో పెట్టుకుని పెంచుతారు, ఈవిడ తోకలో పెట్టుకుని పెంచింది.

గువ్వ పెద్దదై, బస్సులో రెండు గంటల దూరంలో ఇంకో ఊళ్ళో, కళ్ళద్దాల కొట్టులో అద్దాలు అరగదీసే పనిలో చేరింది. అక్కడే గది తీసుకుంది. రోజూ ఫోన్లు నడిచేవి. అయితే తోకపిన్ని ఫోన్లో కూడా తోకపిన్నే. పావుగంట సేపు టమాటాల ధర, పక్కింటి పిల్లి, అక్క మోకాలి నొప్పి. అసలు సంగతి ఏదైనా ఉంటే ఆఖర్న, సరే ఉంటాను అన్నాక, గబగబా. ఇల్లు మారిన సంగతి అలాగే చెప్పింది. మేనమామ పోయిన సంగతీ అలాగే చెప్పింది. బరువైన మాట మెల్లగా చెబితే అవతలివాళ్ళకు తగులుతుందని ఆవిడ భయం. వేగంగా విసిరితే పక్కనుంచి దూసుకుపోతుందనుకునేది. ప్రేమ కొద్దీ చేసిన పనే అది, కాదని ఎవరూ అనరు. కానీ ప్రేమ కొద్దీ చేసినవన్నీ మంచి పనులే కావాలని ఏమీ లేదు.

పోయిన చలికాలం ఆవిడ గొంతు పక్కన చిన్న గడ్డ తేలింది. తీసెయ్యాలన్నారు. గొంతుకేమీ కాదని ఒక డాక్టరు, చెప్పలేమని ఇంకో డాక్టరు. ఆసుపత్రిలో చేరే ముందు రోజు సాయంత్రం గువ్వతో ఫోన్లో టమాటాలన్నీ అయిపోయాక, సరే ఉంటాను రేపు చిన్న ఆపరేషనంట కంగారేం లేదు పెట్టేస్తున్నా, అని పెట్టేసింది. అటు వైపు అద్దాలు అరిగే మర తిరుగుతోంది. గువ్వకు సరే ఉంటాను అన్నంతవరకే అందింది. మర్నాడు తోటివాళ్ళతో కలిసి మూడు రోజులు కొండలు చూడటానికి వెళ్ళింది. అయిదో రోజున పెద్దమ్మ చెబితే తెలిసి పరుగెత్తుకొచ్చింది.

అప్పటికి గడ్డ పోయింది, గొంతు బాగానే ఉంది, వారం రోజులు మాట్లాడొద్దన్నారంతే. తోకపిన్ని మంచం మీద కూర్చుని, చెప్పానుగా, అని కాగితం మీద రాసి చూపించింది. ఎప్పుడని అడిగింది గువ్వ. ఫోన్లో, చివర్న, అని రాసింది. గువ్వ ఆ కాగితం మడిచి పక్కన పెట్టింది.

"నీకేమన్నా అయ్యుంటే నేను కొండ మీద ఫోటోలు దిగుతూ ఉండేదాన్నమ్మా. బతికినన్నాళ్ళూ అది నేను మొయ్యాలి. నువ్వు మాత్రం చెప్పానుగా అనుకుని పడుకునేదానివి," అంది. కళ్ళు తుడుచుకుంది. "ఇక నాతో తోకలొద్దు. చెప్పేదేదో ముందు చెప్పు, మెల్లగా చెప్పు. అది చేతనైన రోజు ఫోన్ చెయ్యి."

చేతకాలేదు. తోకపిన్ని ఫోన్ చేసేది. గువ్వ ఎత్తేది. ఈవిడ టమాటాల దగ్గర మొదలుపెట్టేది. గువ్వ రెండు నిమిషాలు ఓపిగ్గా విని, మెల్లగా పెట్టేసేది. కొన్నాళ్ళకు ఎత్తడం కూడా మానేసింది. అలా ఎనిమిది నెలలు గడిచాయి.

ఇక మిగిలింది రేడియో. రోజూ పరుపుల తోక చివర ఒక ముక్క. తిన్నావా. స్వెటరు వేసుకో. కళ్ళకు విశ్రాంతినివ్వు. ఆ ఊళ్ళో ఈ స్టేషన్ వినబడుతుందని తెలుసు గానీ, గువ్వ వింటోందో లేదో తెలీదు. చెవిటివాడి ముందు శంఖం ఊదుతున్నానేమో అనుకునేది. అయినా ఊదేది. ఊదకపోతే ఆ రోజు నిద్రపట్టేది కాదు.

అలాంటి రోజుల్లో పై నుంచి రెండు పేజీల కాగితం ఒకటి వచ్చింది. మేనేజరు అందర్నీ కూర్చోబెట్టి చదివాడు. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి, మామూలు జనానికి చేసే ప్రకటనల్లో చెప్పే ధర పన్నులన్నీ కలిపి ఒకే అంకెగా ఉండాలి. కొనేవాడు కొట్టుకెళ్ళాక చేతి నుంచి ఎంత పోతుందో అదే ముందు చెప్పాలి. షరతు ఏదైనా ఉంటే ధర పక్కనే, ధర చెప్పినంత నిదానంగా చెప్పాలి. చివర్లో గబగబా చదివినది చెప్పినట్టు లెక్కలోకి రాదు. ఈ ఆఖరి ముక్క విన్నప్పుడు తోకపిన్నికి ఆ కాగితం గువ్వే రాసి పంపిందేమో అనిపించింది.

మంచి రూలే, అన్నాడు మేనేజరు. మంచి రూలే. పదివేలనుకుని పరుపు కొట్టుకెళ్ళి, అక్కడ పదకొండు వేలని తెలిసి, అందరి ముందూ మొహం చిన్నబుచ్చుకుని వెనక్కొచ్చినవాళ్ళు ఊళ్ళో ఎంతమంది ఉన్నారో తోకపిన్నికి తెలియంది కాదు. ఒకసారి ఆవిడే అలా ఫ్యాను కొట్టు నుంచి వెనక్కొచ్చింది. ఆ ఫ్యాను ప్రకటన తోక పలికింది తనే. ఇక తోకలుండవు కాబట్టి పిన్నికి టపా గదిలో పని చూస్తానన్నాడు మేనేజరు, శ్రోతల ఉత్తరాలు విప్పి వరసగా పెట్టే పని. జీతం అదే. తోక తెగినా తిండి తెగలేదు, నక్క తోక తొక్కొచ్చావు మరదలా, అన్నాడు బావ. అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది. కానీ మైకు పోతే తన మాట గువ్వ దాకా వెళ్ళే దారి ఇంకోటి లేదని ఆ నవ్విన వాళ్ళెవరికీ తెలీదు.

పది రోజులున్నాయి. రోజుకు ఆరు, అంటే అరవై తోకలు. ఇన్నిట్లో ఒక్కదాని చివర, తప్పు నాదే గువ్వా, అంటే చాలు. ఎంతసేపు పడుతుంది? ఆవిడ నాలుకకు ఒక సెకను కూడా అక్కర్లేదు. మొదటి రోజు అనబోయి, స్వెటరు వేసుకో అంది. రెండో రోజు, నీళ్ళు కాచుకు తాగు అంది. ఏడో రోజు ఫ్యాన్ల తోక చివర తప్పు అనే దాకా వచ్చి, మింగేసి, తప్పకుండా తిను అని సర్దుకుంది. ఆ మాట పెదవుల దాకా వచ్చి, అక్కడ చెప్పులు విడిచి కూర్చుండిపోయేది. పెదవి దాటిన మాట పృథివి దాటుతుందంటారు, దాటితే కదా.

ఆ రోజుల్లో ఆవిడకు ఒకటే కల. పరుపుల కొట్టు, గోడలు కనబడనంత పెద్దది. పరుపుల మీద పరుపులు, వాటి మీద తాను. ప్రతి పరుపుకూ ధర చీటీ కట్టి ఉంది. తిప్పి చూస్తే ధర లేదు, తాను ఎవరికో చెప్పాల్సి ఉండి చెప్పని మాట ఉంది. నాన్నకు చెప్పనిది. మొగుడికి చెప్పనిది. అక్కకు చెప్పనిది ఒక దుప్పటి మందాన ఉంది. ఆ చీటీలన్నీ గాలికి మెల్లగా ఊగుతుంటే కొట్టంతా పావురాలు రెక్కలు సర్దుకుంటున్నంత చప్పుడు. గువ్వ చీటీ ఎక్కడుందా అని ఒక్కో పరుపూ దిగుతూ దిగుతూ పోతే కింద నేల రాదు. తెల్లవారేది.

ఆఖరి రోజు ఆఖరి తోక పరుపులదే. ఈసారి అనేస్తాననుకుని గుండె నిండా ఊపిరి తీసుకుంది. ఏం లాభం, బావకు కూడా అదే ఆఖరి తొమ్మిదుల రోజు. పదకొండు వేల నలభై తొమ్మిదట రేపట్నుంచి, ఇదేం అంకె, ఇది మోగదు అని పొద్దుట్నుంచీ గొణుగుతున్నాడు. ఆ దిగులంతా కలిపి తొంభై తొమ్మిదిని ఎంత సాగదీశాడంటే, సంగీతం వచ్చి ఆయన మాటను తోసేసింది. ఈవిడకు పన్నులు అదనం అనే వ్యవధి కూడా మిగల్లేదు. లైటు ఆరిపోయింది. బావ కళ్ళలో నీళ్ళు. మరదలి కళ్ళలో నిప్పులు. ఏమైందని ఆయన అడిగితే ఏం చెబుతుంది? ఏమీ లేదంది.

మర్నాడు ఒకటో తారీఖు. తోకపిన్ని ఆ గదిలో ఉన్న తన శాలువా, కూర్చునే దిండు తీసుకుపోదామని వచ్చింది. ఆరు కావస్తోంది. పరుపుల గోడలు ఎప్పటిలాగే అన్ని చప్పుళ్ళనూ తాగేసి మత్తుగా ఉన్నాయి. బావ కాగితం పట్టుకుని పదకొండు, పదకొండు అని సాధన చేస్తున్నాడు. ఈవిడ శాలువా భుజాన వేసుకుని, దిండు చంకలో పెట్టుకుని, ఆయన పక్కన తన చోట్లో, తన మైకు ముందు నిలబడింది. అక్కడ ఎందుకు నిలబడ్డావని అడిగితే ఆవిడకే తెలీదు. ఇరవై రెండేళ్ళుగా ఆ గదిలో ఆవిడ నిలబడిన చోటు అదొక్కటే.

ఎర్ర లైటు వెలిగింది. మెత్తని పరుపు అన్నాడు బావ. కమ్మని నిద్ర అన్నాడు. పన్నులన్నీ కలిపి పదకొండు వేల నలభై తొమ్మిది అన్నాడు, కాస్త తడబడినా దాటేశాడు. అని, అలవాటు కొద్దీ ఆగాడు. అద్దం వెనక తాత చెయ్యి అలవాటు కొద్దీ ఆవిడ మైకు మీట ఎత్తింది. ఆవిడ నోరు అలవాటు కొద్దీ తెరుచుకుంది. పన్నులు అదనం షరతులు వర్తిస్తాయి సరుకు ఉన్నంతవరకే ధరలు మారవచ్చు వివరాలకు కొట్టులో విచారించండి. చంకలో దిండుతో సహా మొత్తం పలికేసింది. సంగీతం వచ్చింది. ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

రెండు నిమిషాల్లో పరుపుల షావుకారు ఫోన్. కొట్టులో రేడియో పెట్టుకుని కూర్చున్నాడాయన. పరుపు నొక్కి చూస్తున్న ముసలి దంపతులు, పదకొండు వేలు చాలక దాని మీద మళ్ళీ పన్నా, మన వల్ల కాదులే అని కొట్టు మెట్లు దిగి వెళ్ళిపోయారట. మేనేజరు తల పట్టుకున్నాడు. అప్పటికప్పుడు నాలుగు లైన్లు రాసి తోకపిన్ని చేతిలో పెట్టాడు.

ఆ స్టేషన్లో ఒక పద్ధతి ఉంది. గాలిలో తప్పు పలికిన గొంతే గాలిలో దిద్దాలి, అదీ గంటలోపు. బావ ఒకసారి పెళ్ళివారి శుభాకాంక్షలను సంతాపం గొంతుతో చదివినప్పుడు పుట్టిన పద్ధతి అది. ఆ గొంతు కాకుండా ఇంకెవరి గొంతు దిద్దినా విన్నవాళ్ళకు ఏది తప్పో ఏది ఒప్పో తేలదని మేనేజరు అంటాడు. కాబట్టి ఏడు గంటలకు ముందు తోకపిన్ని చదవాలి. మెల్లగా చదవాలి. ఒక నిమిషం ఇచ్చారు. ఒక నిమిషమంటే ఇరవై తోకలు. అంత చోటు ఆవిడకు జన్మలో ఎవరూ ఇవ్వలేదు.

నా వల్ల కాదు, మెల్లగా చదవడం నాకు రాదు, అంది తాతతో, అద్దం అవతలికి వెళ్ళి. ఆయన మీటల మీద నుంచి తలెత్తలేదు.

"ఇన్నేళ్ళూ నువ్వు చివర్న అన్నవన్నీ విన్నాను పిన్నీ. నా చెవులకేగా ముందొచ్చేది," అన్నాడు. "గడియ వేసుకో అన్నావు చూడు, అప్పట్నుంచీ మా ముసల్ది రోజూ సాయంత్రం ఆరింటికి లేచి తలుపు చూసుకుంటుంది. ఎందుకే అంటే ఏమో, వేసుకోవాలనిపించింది అంటుంది. మా వీధిలో సగం మందికి అదే అలవాటు. ఎవరూ వినలేదని నువ్వే అనుకుంటున్నావు."

ఆవిడ తిరిగి వచ్చి మైకు ముందు నిలబడింది. ఎర్ర లైటు వెలిగింది.

"ఇందాక పరుపుల ధర చెప్పినప్పుడు పన్నులు అదనం అన్నది నేను," అని మొదలుపెట్టింది. తన గొంతు మెల్లగా ఉంటే ఎలా ఉంటుందో ఆవిడ అప్పుడే మొదటిసారి విన్నది. ఎక్కడో దూరపు బంధువు గొంతులా ఉంది, పెళ్ళిళ్ళలో మాత్రమే కనబడే మనిషిలా. "అది పొరపాటు. చెప్పిన ధరలోనే అన్నీ ఉన్నాయి. పైన కలిపేది ఏమీ లేదు. వెనక్కి వెళ్ళిపోయినవారు మళ్ళీ రావలసిందిగా షావుకారు గారి మనవి." కాగితం అయిపోయింది. అద్దం పైన గడియారంలో ముప్పై సెకన్లు మిగిలి ఉన్నాయి. గోడల్లో దూది ఊపిరి బిగబట్టినట్టుంది. తాత చెయ్యి మీట మీదే ఉంది, దించలేదు.

"గువ్వా," అంది. బావ ఉలిక్కిపడి చూశాడు. "ఇది నీకు. నాకు ఆపరేషన్ అని ముందు చెప్పాల్సింది. ఆ రోజు ఫోన్ ఎత్తగానే చెప్పాల్సింది. భయమేసింది. నాకేమవుతుందోనని కాదు, నువ్వు భయపడతావని. అందుకని ఆఖర్న పరుగెత్తించాను. అది చెప్పినట్టు కాదు. తప్పు నాదే. ఆ రోజు నువ్వు పక్కనుంటే బాగుండుననిపించింది. ఇప్పుడూ అనిపిస్తోంది."

లైటు ఆరింది. మేనేజరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తిట్టడానికి వచ్చినవాడు, ఏం తిట్టాలో మర్చిపోయినట్టు అక్కడే ఆగిపోయాడు. ఫోన్ మోగింది. షావుకారు. ముసలి దంపతులు వెనక్కి రాలేదు గానీ ఇంకెవరో వచ్చారట, ఆ చివర మాట్లాడిన పరుపుల అమ్మ ఎవరని అడుగుతున్నారట, ఏం చెప్పమంటారని అడిగాడు. మేనేజరు ఏదో చెప్పి పెట్టేశాడు. మళ్ళీ మోగింది. ఈసారి ఆయన ఎత్తి, విని, తోకపిన్నికి అందించాడు.

గువ్వ. వెనక అద్దాల మర తిరగడం లేదు. కొట్లో రేడియో ఉందంది, రోజూ ఆరింటికి మర ఆపుతానంది. స్వెటరు కొనుక్కున్నానంది. ఆకుపచ్చది. ఆ తర్వాత ఎంతకీ అసలు మాటకు రాలేదు. మర బెల్టు తెగిన సంగతి చెప్పింది. గది కింద కుక్క పిల్లల్ని పెట్టిన సంగతి చెప్పింది. టమాటాలు అక్కడ ఇంకా ఖరీదంది. తోకపిన్ని ఊఁ కొడుతూ వింటోంది. బావ మొహంలో ఆత్రం చూడలేక తల తిప్పుకుంది. అవతల గువ్వ ఒక్కసారి ఊపిరి తీసుకుంది.

"సరే ఉంటాను ఆదివారం పొద్దున్న బస్సుకొస్తున్నా నాలుగు రోజులుంటా గడియ తీసి ఉంచు," అని పెట్టేసింది.

ఆవిడ కూడా ఫోన్ పెట్టేసింది. పక్కనే చెవి పెట్టి వింటున్న బావకు ఒక్క అక్షరం అందలేదు. ఏమంది, ఏమంది అని ఆయన అడుగుతుంటే, ఆవిడ కళ్ళు తుడుచుకుని, కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక్కో మాటా విడివిడిగా, నిదానంగా చెప్పింది.